అలసిపోయిన ఆడవాళ్లకు ఇంకో పని చెప్పకండి

మొన్న మా కాలనీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. గృహిణులు అలసట పోగొట్టుకోవడానికి పది మార్గాలట. పొద్దున ఐదింటికి లేచి ధ్యానం చేయాలి. అరగంట నడవాలి. నానబెట్టిన బాదం తినాలి. డైరీ రాయాలి. కొత్త విద్య ఏదైనా నేర్చుకోవాలి. చదువుతూ లెక్కపెట్టాను, పదికి పదీ పనులే. ఉన్న పనులకు తోడు ఇంకో పది. దాని కింద ఎవరో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అది నమస్కారమో, వదిలేయమని వేడుకోవడమో తెలియలేదు.

నేను చెప్పాలనుకున్నది దీనికి కొంచెం ఎదురుగా ఉంటుంది. మనలాంటి వాళ్ల అలసటకు ఇంకో పని మందు కాదు. ఉత్తగా పడుకోవడం కూడా చాలాసార్లు సరిపోదు. మనకు కావలసింది ఆట. ఒక్క రూపాయి తేనిది, ఎవరూ మెచ్చుకోనక్కర్లేనిది, చేతులూ నోరూ మనసూ మూడూ దాంట్లోనే ఉండేది. అది పనులన్నీ అయ్యాక మిగిలే టైములో కాదు, పనుల మధ్యలోనే కావాలి. ఎందుకంటే పనులన్నీ అయిపోయే రోజు ఏ ఇంట్లోనూ రాదు.

పటాన్‌చెరు, రామచంద్రాపురం, బొల్లారం, పాశమైలారం, ఇస్నాపూర్ వైపు కాపురం చేసేవాళ్లకు షిఫ్టుల సంగతి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తాను. మా ఇళ్లల్లో గోడగడియారం కంటే కంపెనీ బస్సు టైము ముఖ్యం. ఏ షిఫ్ట్ వారమైతే తెల్లవారుజామున నాలుగింటికి లేచి డబ్బా కట్టాలి. బీ షిఫ్ట్ వారమైతే మగాయనకు పగటి అన్నం పన్నెండుకు, రాత్రి అన్నం పదకొండు దాటాక. మధ్యలో పిల్లలకు మామూలు టైముకు వేరే. సీ షిఫ్ట్ వారం అసలు పరీక్ష. ఆయన పగలు పడుకుంటాడు కాబట్టి కుక్కర్ కూత పెట్టకూడదు, మిక్సీ తిప్పకూడదు, పిల్లలు స్కూలు నుంచి రాగానే గుమ్మంలోనే మూతి మీద వేలు పెట్టి లోపలికి తేవాలి. వారం తిరిగేసరికి మళ్లీ మారుతుంది. ఆయనది ఒకసారికి ఒక షిఫ్టే. మనం ఆయన షిఫ్టు, స్కూలు షిఫ్టు, అత్తమ్మ బీపీ గోలీల షిఫ్టు, నల్లా నీళ్లు వచ్చే షిఫ్టు అన్నీ కలిపి చేస్తాం. ఆయనకు వీక్లీ ఆఫ్ కూడా ఉంది. ఆ రోజు మటన్ వండేది ఎవరో మీకు తెలుసు.

దీనికి భయం ఒకటి అదనం. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోయాక, డ్యూటీలో ఉన్న మనిషి రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే ఇక్కడి ఆడవాళ్లు కూర వండుతున్న గరిటె కింద పెట్టి వీధిలోకి వచ్చి చూస్తున్నారు. ఆకాశంలో పొగ లేదు కదా అని. ఇలా ఎదురుచూడటానికి ఎంత ఓపిక ఖర్చవుతుందో ఎవరూ లెక్కలో రాయరు.

రాసిన లెక్కలు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ గణాంకాల ఆఫీసువాళ్లు 2019లో దేశమంతా తిరిగి, ఎవరు రోజులో దేనికి ఎంతసేపు ఇస్తున్నారో అడిగారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు ఇస్తున్నారని తేలింది. మగవాళ్లు 97 నిమిషాలు. అదీ ఇంటిపని చేసే మగవాళ్ల సగటు, అసలు చెయ్యి పెట్టనివాళ్లను అందులో కలపలేదు. పిల్లలనూ ముసలివాళ్లనూ చూసుకునే టైము కూడా ఇందులో రాదు, దాని లెక్క వేరు. 2024లో మళ్లీ అడిగారు. మనది 289కి తగ్గింది. పది నిమిషాలు మిగిలాయి కదా అని సంతోషపడేలోపు వాళ్లది చూస్తే 88. తొమ్మిది నిమిషాలు వాళ్లూ మిగుల్చుకున్నారు!

బర్నౌట్ అనే మాట ఇప్పుడు ఐటీ పిల్లల నోట ఎక్కువగా వింటున్నాం. ఆ మాట వెనక కథ తెలిశాక నాకు కాస్త కోపం వచ్చింది. న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 1974లో దీని గురించి మొదటగా రాశాడు. ఎవరిని చూసి రాశాడంటే, ఉచిత వైద్యశాలలో జీతం లేకుండా సేవ చేస్తున్నవాళ్లను చూసి. ఆయనా వాళ్లలో ఒకడే. ఎంతో ఇష్టంగా వచ్చినవాళ్లు కొన్నాళ్లకు లోపల కాలిపోయిన ఇల్లులా అయిపోవడం గమనించాడు. అంటే ఈ మాట పుట్టిందే జీతం లేని పనిలో. అదే మాటను 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో వివరిస్తూ, ఇది ఉద్యోగానికి సంబంధించినది మాత్రమే, జీవితంలోని ఇతర విషయాలకు వాడకూడదు అని గీత గీసింది. మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తి మొత్తం అయిపోయినట్టు ఉండటం, చేసే పని మీద విరక్తి పుట్టి దూరంగా జరిగిపోవడం, నేను చేసేది దేనికీ పనికిరావడం లేదని అనిపించడం. మూడూ చదవండి. మీ వంటింట్లో నిలబడి చదవండి. ఉద్యోగం అన్న ఒక్క మాట తీసేస్తే ఎవరి గురించి రాసినట్టుంది?

డాక్టర్లకు వాళ్ల పట్టికలు వాళ్లకు అవసరమే అనుకుందాం. కానీ పేరు లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. రెండేళ్ల కిందట నాకలా ఒక ఆరు నెలలు గడిచింది. జ్వరం లేదు, దగ్గు లేదు. చిన్నది స్కూల్లో జరిగిన సంగతి చెప్తుంటే ఎప్పుడు ఆపుతుందా అనిపించేది. వండిన కూరలో ఉప్పు చూడాలని కూడా అనిపించేది కాదు. మా ఆయన మంచివాడే, "రెండు రోజులు అమ్మగారింటికి పోయి రెస్ట్ తీసుకో" అన్నాడు. వెళ్లాను. మంచం మీద పడుకుంటే కాళ్లకు విశ్రాంతి దొరికింది. తల మాత్రం అక్కడి నుంచే ఇల్లు నడిపింది. పెద్దోడి యూనిఫామ్ ఆరిందా, పాలు తోడు పెట్టారా, శుక్రవారం నుంచి సీ షిఫ్ట్ కదా. విశ్రాంతి చాలదని నేననేది ఇందుకే. పని ఆపితే ఆగేది చేతులు. తల ఆగాలంటే దానికి ఇంకో చోటు చూపించాలి.

నాకు ఆ చోటు చూపించింది మా అత్తమ్మ. జోగిపేట దగ్గరి పల్లె నుంచి మందుల కోసం వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు సంచిలో ఓమనగుంటల పీట తెచ్చుకుంది. కొందరు వామనగుంటలు అంటారు. ఇటు ఏడు గుంటలు, అటు ఏడు, పోసుకోవడానికి చింతగింజలు. సీ షిఫ్ట్ వారం అది. మధ్యాహ్నం ఆయన లోపల పడుకున్నాడు. నేను గోడకు ఆనుకుని ఊరికే కూర్చున్నాను. "ఏం బిడ్డా, గట్ల కూసున్నవ్? ఇటు రా, ఒక్క ఆట" అంది. "వద్దత్తమ్మా, బట్టలు మడతపెట్టాలె" అన్నాను. "బట్టలు యాడికి పోవుగని రా" అంది.

గింజల చప్పుడు వినపడకుండా పీట కింద పాత దుప్పటి వేసి ఆడాం. ఆవిడ మోసం చేస్తుంది. నా గుంటలో గింజలు లెక్కపెడుతున్నట్టు నటించి రెండు తన వైపు జారుస్తుంది. మూడో రోజు పట్టుకున్నాను. పెద్దగా నవ్వితే ఆయన లేస్తాడు కాబట్టి ఇద్దరం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాం. కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వి ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది. మిక్సీ తిప్పకూడదు, కుక్కర్ పెట్టకూడదు అని నేను తిట్టుకున్న ఆ మూడు గంటలే ఆటకు దొరికాయి. షిఫ్టుల ఇళ్లల్లో ఇలాంటి చప్పుడు చెయ్యకూడని గంటలు అందరికీ ఉంటాయి. వాటిని ఫోన్‌కు ఇచ్చేస్తున్నాం.

ఫోన్ చూడటం ఆట కాదా అని అడుగుతారు. నా మటుకు కాదు. అందులో ఆడేది ఇంకెవరో, మనం చూస్తాం. వేలు ఒక్కటే కదులుతుంది. గంట గడిచాక ఒక్క రీలూ గుర్తుండదు. అదే గంట అష్టాచెమ్మ ఆడితే ఎవరి కాయ ఎవరు చంపారో సాయంత్రం దాకా పోట్లాడుకోవచ్చు.

మన ముందుతరం ఆడవాళ్లకు పని తక్కువుండి ఆడలేదు. వడ్లు దంచారు, నీళ్లు మోశారు, కలుపు తీశారు. మధ్యాహ్నం కాసేపు గచ్చకాయలు, ఓమనగుంటలు రోజులో భాగంగా ఉండేవి. మా అత్తమ్మ దాన్ని ఎప్పుడూ ఖాళీ సమయం అనలేదు, "ఆడుకునే యాళ్ల" అంటుంది. అన్నం తినే యాళ్ల ఎట్లాగో అదీ అట్లాగే.

ఇక బతుకమ్మ. మనం ఎవ్వరం బతుకమ్మ చేసుకుంటాం అనం, బతుకమ్మ ఆడతాం అంటాం. 2014లో రాష్ట్ర పండుగ చేశారు, మంచిదే. కానీ దాన్ని పండుగగా, పూజగా, తెలంగాణ గుర్తుగా మాట్లాడుతూ ఆ ఆట అన్న మాటను కొంచెం మర్చిపోయాం అనిపిస్తుంది. పెత్రామాస నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు, ఇంటి ఆడది సాయంత్రం అయ్యేసరికి స్టవ్ కట్టేసి, మంచి చీర కట్టుకుని బయటికి పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని ఏర్పాటు ఇది. ఇంతకంటే పెద్ద మందు ఏ డాక్టరు రాసిస్తాడు?

పేర్చడం దగ్గరే సగం అలసట పోతుంది. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు పూలు వరుసగా పెట్టి, గునుగు పూలను కట్టలు కట్టి కొసలు సమానంగా కోసి, కొన్నింటికి రంగులద్ది, బంతి, చామంతి, కట్లపూలు, పట్టుకుచ్చులు ఒక్కో వరుస ఎక్కిస్తూ, కూలకుండా లోపల కాడలూ ఆకులూ నింపుకుంటూ పోవాలి. పైన పసుపు గౌరమ్మ. ఈ పని చేస్తున్నప్పుడు తలలో యూనిఫామ్ ఉండదు, పాలు ఉండవు. తర్వాతి వరుసలో పసుపు పెట్టాలా తెలుపు పెట్టాలా అన్నదొక్కటే ఉంటుంది. అంతసేపు చేసినదాన్ని చీకటి పడ్డాక నీళ్లలో వదిలేస్తాం. దాచుకోం, అమ్మం, అద్దాల బీరువాలో పెట్టం. మర్నాడు మళ్లీ కొత్తది.

ఆడేటప్పుడు చూడండి, ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. వంగి లేచి చప్పట్లు. గొంతు బాగోలేకపోయినా గుంపులో కలిసిపోతుంది. గెలిచేవాళ్లు లేరు, ఓడేవాళ్లు లేరు. మా వీధిలో ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. భర్త కెమికల్ ప్లాంట్‌లో కాంట్రాక్ట్ పని. తెలుగు నాలుగు మాటలే వచ్చు. ఏడాదంతా నల్లా దగ్గర తల దించుకుని నీళ్లు పట్టుకుని పోయే పిల్ల, ఆ తొమ్మిది రోజులు చప్పట్లు మాత్రం ఒక్కటి తప్పకుండా వేసింది. మూడో రోజు నుంచి అందరికంటే ముందు వచ్చి నిలబడింది.

ఇక్కడో బాధ చెప్పుకోవాలి. మా చిన్నప్పుడు తంగేడు, గునుగు కొనడం అంటే నవ్వేవాళ్లు. బీడు భూమిలో తంగేడు, చేను గట్ల మీద గునుగు, చేతికి అందినంత. ఇప్పుడు ఇటువైపు బీడు అంటే ప్లాటు, చేను అంటే షెడ్డు. హైవే పక్కన పల్లెలవాళ్లు తెచ్చిన కట్టలు బేరమాడి కొంటున్నాం. ఇక బతుకమ్మను వదలడానికి చెరువు. నక్కవాగు పేరు పేపర్లో చదవని ఇల్లు ఇక్కడ లేదు, ఫ్యాక్టరీల మురుగు వాగుల్లో చెరువుల్లో కలిసిన కథ ముప్పై నలభై ఏళ్లుగా నడుస్తోంది. ఆడవాళ్ల ఆటకు పూలూ నీళ్లూ కావాలి. కాలుష్యం గురించి మాట్లాడేవాళ్లు ఊపిరితిత్తుల గురించి చెప్తారు, పంటల గురించి చెప్తారు. మా ఆటస్థలం పోయిందని కూడా ఒక ముక్క చేర్చండి.

ఇప్పుడు నాకు అసలు గొడవ ఉన్న విషయం. ఆడది ఏదైనా సరదాగా మొదలుపెడితే చాలు, నాలుగో రోజుకు ఎవరో ఒకరు అంటారు, "ఇంత బాగా చేస్తున్నవ్, ఆర్డర్లు తీసుకోరాదూ?" పక్కింటి వదిన ఊలుతో తోరణాలు అల్లడం నేర్చుకుంది. మొదట్లో సాయంత్రం మెట్ల మీద కూర్చుని అల్లుతుంటే మొహం వెలిగిపోయేది. ఒక తోరణంలో చిలకలు పెట్టింది, వాటికి కాళ్లు మర్చిపోయిందని మేం ఏడిపిస్తే కాళ్లు లేని చిలకలే వరసగా అల్లింది. దసరాకు ఎవరో అడిగారు, ఇచ్చింది. దీపావళికి నలభై ఆర్డర్లు. మణికట్టు వాచింది. ఆలస్యమైందని ఒకావిడ మాట అంది. సంక్రాంతి నాటికి ఊలు సంచి అటక మీదికి చేరింది. నలుగురికీ నచ్చేలా చేయాల్సి వచ్చేసరికి ఆ చిలకలకు కాళ్లు వచ్చాయి, ఆమెకు మాత్రం సరదా పోయింది.

డబ్బు సంపాదించొద్దని నేను అనను. ఇస్నాపూర్ వైపు ఎంతమంది కుట్టుమిషన్ మీద ఇంటి అద్దె కడుతున్నారో, ఎంతమంది మగ్గం వర్క్‌తో పిల్లల ఫీజులు కడుతున్నారో నాకు తెలుసు. వాళ్ల పని గొప్పది. అది పని. పనికి కూలి రావాలి, సరిగా రావాలి. కానీ కుట్టుమిషన్ దిగాక ఆ అక్కకు కూడా ఒక ఆట ఉండాలి. ఆమెకే ఎక్కువ ఉండాలి. ఉన్న ఒక్క సరదాకు ధర కట్టేసి, ఆపైన "ఆడవాళ్ల సాధికారత" అని పేరు పెడితే, ఆమెకు మిగిలేది ఇంకో షిఫ్టు.

అలాగే పోటీలు. పెద్ద బతుకమ్మకు మొదటి బహుమతి చీర, రెండో బహుమతి టిఫిన్ క్యారియర్. ఎత్తు కోసం లోపల థర్మాకోల్. పాట బదులు డీజే. మైకులోంచి పాట వస్తుంటే మన గొంతుకు పని ఏముంది? ఊపిరి తీసుకుని, పాడి, పక్కామె అందుకునే దాకా ఆగడంలో ఉన్న హాయి కాస్తా పోయి, వీడియోలో బాగా పడ్డామా లేదా అన్న చూపు మిగిలింది. మొన్న మా వీధిలో రెండో రోజే డీజే బాక్సు చెడిపోయింది. ఆ రోజు ఆట అందరికంటే బాగుందని నేనొక్కదాన్నే అనలేదు.

చూసేవాళ్లు, కొనేవాళ్లు లేకుండా ఎవరు చేస్తారమ్మా అని అడిగేవాళ్లకు మన జిల్లాలోనే జవాబు ఉంది. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్లు, ఎక్కువమంది చిన్న చెలకలున్న దళిత రైతులు, మాచ్‌నూరులో సంఘం రేడియో నడుపుతున్నారు. యునెస్కో సాయంతో 1998లోనే వాళ్లకు స్టూడియో వచ్చింది. కానీ అప్పట్లో ఇలాంటి రేడియోలకు ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. లైసెన్స్ వచ్చి గాలిలోకి వెళ్లింది 2008 అక్టోబర్ 15న. మధ్యలో ఆ పదేళ్లూ వాళ్లు ఊరుకోలేదు. పాటలు, విత్తనాల ముచ్చట్లు, వంటలు రికార్డు చేసుకుంటూ, ఆ క్యాసెట్లు సంఘం మీటింగుల్లో పెట్టుకుని తామే విన్నారు. పొద్దంతా చేనులో వంగిన నడుము అది. వాళ్లను అలసిపోలేదా అని అడగాల్సిన పని లేదు. చేలో మాట్లాడుకునే యాసలో, తమ గొంతు తామే వినడానికి అంత దూరం వచ్చి కూర్చున్నారంటే దాంట్లో ఏదో దొరికే వచ్చారు. దేశంలో ఆడవాళ్లే నడిపే మొదటి కమ్యూనిటీ రేడియో అన్న పేరు ఆ తర్వాత వచ్చింది.

ఒక్క జాగ్రత్త చెప్తాను. అలసట అన్నీ ఒకటి కాదు. మన రాష్ట్రంలో సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ముందు సర్కారు దవాఖానలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. రెండు మూడు వారాలుగా నిద్ర పట్టకపోతే, బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఓమనగుంటల పీట సరిపోదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

మా మెట్ల మీద ఇప్పుడు వారానికి మూడు మధ్యాహ్నాలు ఆట నడుస్తోంది. ఆరుగురం. ఎవరి మగాయన సీ షిఫ్టులో ఉంటే వాళ్లింటి ముందు కూర్చోం, అంతే నియమం. వదిన ఊలు సంచి అటక మీద నుంచి దిగింది, ఆర్డర్ అడిగినవాళ్లకు నేనే జవాబు చెప్తున్నాను. ఒడిశా అమ్మాయి వాళ్ల ఊళ్లో ఇలాంటి ఆటనే ఇంకోరకంగా ఆడతారని నేర్పింది, అందులో అత్తమ్మకు మోసం చెయ్యడం ఇంకా చేతకావడం లేదు.

బతుకమ్మలో ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. అమ్మవారికి అలిగే రోజు ఒకటి పెట్టారు కదా, మనకెందుకు లేదు అని అడిగింది మాలో ఒకామె. ఈసారి ఆరో రోజు మా ఆరిళ్లల్లో ఆడవాళ్లెవరూ స్టవ్ ముట్టుకోకూడదని అనుకున్నాం. ఇళ్లల్లో చెప్పేశాం కూడా. మా ఆయన సరే అన్నాడు, పెద్దోడు అన్నం నేను వండుతా అన్నాడు. ఆ వారం ఇద్దరి ఇళ్లల్లో ఏ షిఫ్ట్ ఉంది. తెల్లవారుజామున నాలుగింటి డబ్బా ఎవరు కట్టాలన్నది ఇంకా తేలలేదు.